రెండో తూటా

మా ఇంట్లో దొంగలు పడ్డది బతుకమ్మ నాడు. జర్మనీలో, ఈ ఇంగోల్‌స్టాట్‌లో ఉన్న తెలంగాణ వాళ్లమంతా కలిసి ఒక హాలు అద్దెకు తీసుకుని, దొరికిన పూలతో, అంటే ఎక్కువగా సూపర్‌మార్కెట్ చామంతులతో, నాలుగు బతుకమ్మలు పేర్చుకున్నాం. సాయంత్రం ఐదింటికి వెళ్లి ఎనిమిదింటికి తిరిగొచ్చేసరికి బాల్కనీ తలుపు చట్రం చీలిపోయి ఉంది. మాది గ్రౌండ్ ఫ్లోర్. స్క్రూడ్రైవర్ ఉంటే అర నిమిషం పని అని తర్వాత పోలీసాయన చెప్పాడు.

వంటింట్లో బియ్యం డబ్బా బోర్లించి ఉంది. మా ఆవిడ తన బంగారు నానూ, నాలుగు గాజులూ ఆ డబ్బా అడుగునే, పాత జాకెట్టు గుడ్డలో చుట్టి దాచుకునేది. టీవీ ముట్టుకోలేదు, లాప్‌టాప్ ముట్టుకోలేదు. తిన్నగా బియ్యం దగ్గరికే వెళ్లారు. ఇండియా వాళ్ల ఇళ్లలో ముందు వంటిల్లే వెతుకుతారని, దొంగలకు ఈ సంగతి బాగా తెలుసని పోలీసాయన వేలిముద్రల కోసం తలుపు పిడికి నల్లపొడి అద్దుతూ చెప్పాడు. మా అమ్మమ్మ కాలం నాటి రహస్యం బవేరియాలో దొంగలందరికీ తెలుసన్నమాట. ఆయన ముందు నాకు తల కొట్టేసినట్టయింది.

వెళ్తూ వెళ్తూ ఆయన ఇంకో మాట చెప్పాడు. చలికాలంలో దొంగల వేళ అర్ధరాత్రి కాదట, మసక చీకటి పడే వేళట. ఎవరింట్లో లైటు వెలిగిందో, ఎవరింట్లో వెలగలేదో బయటినుంచి చూస్తే తెలిసిపోతుంది. ఆ వేళకి తలుపులు రెండుసార్లు తాళం తిప్పి ఉంచమన్నాడు.

ఆ వేళకే మా ఆవిడ తలుపు తెరుస్తుంది. ప్రతి శుక్రవారం పొద్దుగూకేటప్పుడు దేవుడి ముందు దీపం పెట్టి, లక్ష్మీదేవి లోపలికి రావాలని వీధి తలుపు జానెడు తెరిచి ఉంచుతుంది. హన్మకొండలో వీధి తలుపు అంటే వీధిలోకే. ఇక్కడ అది ఆరు కుటుంబాలు ఎక్కి దిగే మెట్ల దగ్గరికి. దీపం కొండెక్కేదాకా తెరిచే ఉంచుతుంది. పెళ్లయినప్పటినుంచి ఒక్క శుక్రవారం మానలేదు. దొంగతనం జరిగిన తర్వాతి శుక్రవారం కూడా తెరిచింది.

"పోలీసాయన చెప్పింది ఇన్నవా లేదా? గిదే యాళ్లకు తలుపు బార్లా పెడితే ఎట్ల?" అన్నాను.

"బార్లా యాడ పెట్టిన, జానెడే కదా. లక్ష్మి వచ్చే యాళ్ల తలుపు మూస్తరా ఎవరన్న?" అంది.

"ఉన్న లక్ష్మిని బాల్కనీలకెల్లి ఎత్తుకపోయిన్రు. ఇంకేం లక్ష్మి?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆమె దీపం వత్తి సర్దింది, తలుపు మాత్రం మూయలేదు. నాకు కోపం ముక్కు మీదుంటుందని పెళ్లికి ముందే ఎవరో తనకు చెప్పారట. అందరికీ ఉండేదే కదా అనుకుందట. 

అప్పటినుంచి నాకు నిద్రలో, మెలకువలో ఒకటే ఆలోచన. ఆ దొంగ మళ్లీ వస్తే ఏం చెయ్యాలి? భయం అనలేను. భయం ఉన్నవాడు ఇంకో తాళం కొనుక్కుంటాడు. నాకు కావలసింది తాళం కాదు.

మా టీమ్‌లో కారు బ్రేకుల మీద నాతో కలిసి పనిచేసే ఒకతను వాళ్ల ఊరి షూటింగ్ క్లబ్బులో సభ్యుడు. భోజనాల దగ్గర అతన్ని అడిగాను, తుపాకీ కొనాలంటే ఏం చెయ్యాలని. ఎందుకన్నాడు. ఇంట్లో దొంగలు పడ్డారన్నాను. అతను ఫోర్కు కింద పెట్టి చాలా ఓపిగ్గా చెప్పాడు. దొంగల భయం అనేది ఈ దేశంలో లైసెన్సుకి కారణం కిందికి రాదు. వేటగాడివై ఉండాలి, లేదా ఏడాది పాటు క్లబ్బులో గురి నేర్చుకుని పరీక్ష రాయాలి. లైసెన్సు వచ్చాక కూడా తుపాకీని ఇనప్పెట్టెలో, తూటాలు తీసేసి ఉంచాలి.

"మరి దొంగ వచ్చినప్పుడు?" అన్నాను.

"నువ్వు పెట్టె తాళం నంబరు గుర్తు తెచ్చుకునేలోపు అతను వెళ్లిపోతాడు. ఇంట్లోవాళ్లని తీసుకుని ఒక గదిలో తలుపేసుకో, పోలీసుకి ఫోన్ చెయ్యి" అన్నాడు. తర్వాత మళ్లీ తినడం మొదలుపెట్టాడు.

ఆ వారమే అమెరికాలో ఉన్న మా బావమరిది మంచం పక్కన పెట్టుకున్న తన పిస్తోలు ఫొటో పంపాడు. "గలీజు కానూన్లు బావా మీయి. మొగోడు ఇల్లెట్ల కాపాడుకుంటడు ఆడ?" అని వాయిస్ మెసేజ్. వాడు సరదాకే అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

శనివారం వెళ్లి ష్రెక్‌షుస్ పిస్తోలు కొన్నాను. అంటే ఉత్త శబ్దపు పిస్తోలు. చూడ్డానికి, బరువుకి అచ్చం అసలుదే. గుండు రాదు, శబ్దం వస్తుంది, తూటాలో కారపు మందు ఉంటే ఆ గాలి ఎదుటివాడి ముఖం మీదికి కొడుతుంది. పద్దెనిమిదేళ్లు నిండిన ఎవరికైనా ఇస్తారు. అంగడిలో పెద్దమనిషి నా కార్డు చూసి మూడు మాటలు చెప్పాడు. లైసెన్సు లేకుండా బయటికి తీసుకెళ్లకూడదు. ఇంట్లో తాళం వేసి ఉంచాలి. మనిషికి దగ్గరగా పెట్టి పేల్చకూడదు, ఉత్త గాలే అయినా కళ్లు పోతాయి. నేను తల ఊపుతూనే ఉన్నాను.

దాన్ని నా పని బల్ల సొరుగులో పెట్టాను. తాళం చెవి తాళానికే వేలాడుతూ ఉంటుంది. తీసి దాచేస్తే అవసరానికి ఏం పనికొస్తుందని నా లెక్క. మా ఆవిడకి మూడో రోజే కనపడింది.

"చిన్నపిల్ల ఉన్న ఇంట్ల గిదేందయ్యా?"

"నువ్వు తలుపు తెరుస్తవ్. నేనిది పెట్టుకుంట. చెల్లుకు చెల్లు" అన్నాను. అక్కడితో ఆ మాట ఆగిపోయింది. ఆమె తలుపు మానలేదు, నేను పిస్తోలు మానలేదు.

మా పాపకి ఎనిమిదేళ్లు. మేము తెలుగులో అడుగుతాం, తను జర్మన్‌లో చెబుతుంది. ఆ నవంబర్‌లోనే ఒక రోజు బడి నుంచి ఆలస్యంగా వచ్చింది. ఎందుకని అడిగితే, మా పైన మొదటి అంతస్తులో ఉండే ముసలాయనని పైకి దిగబెట్టి వచ్చానంది. ఆయన ఈమధ్య తన అంతస్తు ఏదో మర్చిపోతున్నాడట. పోస్టు డబ్బాల దగ్గర రోజూ తనని ఏ క్లాసు అని అడుగుతాడట, రోజూ కొత్తగా చెబుతుందట. "ఆయనకి అది రోజూ కొత్తే పపా" అంది. నేను లాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండా ఊఁ అన్నాను. ఆ ఊఁ నాకు బాగా గుర్తుంది.

నవంబర్ ఆఖరి శుక్రవారం ఇంటినుంచే పనిచేస్తున్నాను. నాలుగున్నరకే బయట మసకబడింది. మీటింగులో మా మేనేజర్ నేను రాసిన రిపోర్టుని అందరి ముందూ చీల్చి చెండాడి, అప్పుడే ఫోన్ పెట్టేశాడు. మా ఆవిడ దీపం పెట్టింది, తలుపు తెరిచింది, వంటింట్లోకి వెళ్లింది. పాప హాల్లో హోంవర్క్ చేసుకుంటోంది. గుమ్మం దగ్గరి సన్నటి నడవలో బల్బు పోయి రెండు రోజులైంది. మార్చమని ఆమె నాకు రెండుసార్లు చెప్పింది.

నడవలో బూట్ల చప్పుడు వినపడింది. మా ఇంట్లో ఎవరూ బూట్లతో నడవరు.

సొరుగు తీశాను. గది తలుపు తీసేసరికి నడవలో పొడుగాటి మనిషి, పొడుగు కోటు, టోపీ. నాకు వీపు పెట్టి చెప్పుల అల్మరా మీద చేత్తో తడుముతున్నాడు. ఎవరని జర్మన్‌లో అరిచాను. ఆ మనిషి తిరిగాడు. చేతిలో ఏదో మెరిసింది. పేల్చాను.

అంత సన్నటి నడవలో ఆ శబ్దం ఎలా ఉంటుందో నేను ఊహించలేదు. ఆ మనిషి గోడకి ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు. టోపీ పడిపోయింది, చేతిలో తాళాలు పడిపోయాయి. ఇంటి తాళాలు. నా కళ్లు మండుతున్నాయి, చెవుల్లో గుయ్‌మంటోంది. హాలు గుమ్మంలోంచి మా పాప అంది, "పపా, ఆయన పై తాత." అరవలేదు. నాకు తెలియనిది చెబుతున్నట్టు మామూలుగా అంది. మా ఇంట్లో ఎవరికి వినపడినా, వినపడకపోయినా, నాకు వినపడింది. గుయ్‌మనే చెవుల్లోకే ఒక్కొక్క మాటా వచ్చి పడింది.

ఆయన ఒక చేత్తో కళ్లు మూసుకుని రెండో చెయ్యి నా వైపు చాచాడు. లేవడానికి ఆసరా కోసం. అది కూడా నాకు తెలుసు.

నేను ఒక అడుగు ముందుకేసి మళ్లీ పేల్చాను.

ఎందుకని నన్ను నేను చాలాసార్లు అడిగాను. ప్రతిసారీ జవాబు ఒకటే, దాన్ని ఎన్ని రకాలుగా తిప్పినా మారదు. రెండు నెలలుగా నాకు ఒక దొంగ కావాలి. బియ్యం గింజలు తొక్కుకుంటూ నడిచిన ఇంట్లో, పోలీసు ముందు, బావమరిది ముందు, ఆ పూట మేనేజర్ ముందు నేను పడిన సిగ్గంతా ఎవడో ఒకడి మీద దింపుకోవాలి. ఇన్నాళ్లకి ఒక మనిషి నా గుమ్మంలో, నా కాళ్ల దగ్గర ఉన్నాడు. అతను దొంగ కాదని తెలిశాక నాకు కోపం తగ్గలేదు, ఇంకా పెరిగింది. అంతే. భయం మొదటి తూటాతోనే అయిపోయింది.

ఆయన నొప్పితో మూలుగుతూ, "క్షమించండి, క్షమించండి" అన్నాడు నాతో. మెట్ల మీద పొరపాటున భుజం తగిలినప్పుడు అనే మాటే, అదే గొంతు.

తర్వాత జరిగినవన్నీ దగ్గులోనే జరిగాయి. కారపు మందు ఇల్లంతా పట్టింది. మా ఆవిడ పాపని దుప్పటి చుట్టి బాల్కనీలో నిలబెట్టింది. తను అంబులెన్సుకి ఫోన్ చేస్తూ ఒక తప్పు లేకుండా జర్మన్ మాట్లాడింది. ఆయన భార్య చెప్పుల్లేకుండా మెట్లు దిగొచ్చింది. నేల మీద కూర్చుని ఆయన తల ఒళ్లో పెట్టుకుంది. ఆయన నడకకి వెళ్లొస్తుంటే మా గుమ్మం తెరిచి కనపడింది, తన ఇంటికే వచ్చాననుకున్నాడు. పోలీసులు పిస్తోలుని సంచిలో వేసుకున్నారు. సొరుగునీ, తాళానికి వేలాడుతున్న చెవినీ ఫొటో తీసుకున్నారు.

ఆయనకి తుంటి ఎముక విరిగింది. కుడి కన్ను పోయింది.

మ్యూనిక్‌లో ఒక లాయరమ్మని పట్టుకున్నాం. యాభై దాటిన మనిషి, మాట కత్తిరించినట్టు ఉంటుంది. చట్టం ఆమె చెబితే చాలా తేలిగ్గా అర్థమైంది. ఇంట్లో దూరినవాణ్ణి ఆపడానికి కావలసినంత దెబ్బ కొట్టొచ్చు, పారిపోవాల్సిన పని లేదు. దొంగ అని నిజంగా పొరబడి కొట్టినా చట్టం కొంత అర్థం చేసుకుంటుంది. భయంతో, గాభరాతో హద్దు దాటినా మన్నిస్తుంది. 

"కోపంతో దాటితే?" అని అడిగాను.

"మన్నించదు. ఎదుటివాడు మతి సరిగా లేని మనిషి అని తెలిస్తే అసలు పక్కకి తప్పుకోవాలి" అంది. పెన్ను మూత తీసింది. "రెండు తూటాలకీ మధ్య ఎంతసేపు?"

"రెండు మూడు సెకన్లు."

"మధ్యలో ఎవరైనా ఏమైనా అన్నారా?"

"నాకేం వినపడలేదు" అన్నాను. ఆమె రాసుకుంది. అలాంటి నడవలో ఆ శబ్దం తర్వాత ఎవరికీ వినపడదని, ఆ మేరకు నిపుణుడి మాట కూడా తీసుకుంటానని చెప్పింది. నా పక్కన మా ఆవిడ పర్సు పట్టీ చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది.

ఇంటికొచ్చాక వంటింట్లో అడిగింది. "పిల్ల ఏదో అన్నది కదా నడిమిట్ల?"

"ఏమన్నది?"

"నాకేమెరుక. పొయ్యి మీద పాలు చూస్తున్న. నువ్వే చెప్పాలె." గిన్నె కడుగుతూ నా వైపు చూడలేదు. గిన్నె బోర్లించి, "మన సిటిజన్‌షిప్ కాయితాలు ఏమైతయ్ మరి?" అంది.

కాగితాలు అప్పటికే ఆగిపోయాయి. కేసు తేలేదాకా మా అప్లికేషన్ పక్కన పెడుతున్నామని ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. శిక్ష పడితే పౌరసత్వం సంగతి అలా ఉంచి, ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. పదేళ్లు ఇక్కడ బతికి, పిల్ల పుట్టి, దాని భాషే ఇది అయ్యాక సామాను సర్దుకుని పోవడమంటే ఏమిటో నేను ఫోన్లలో అందరికీ చెప్పుకున్నాను. మా అన్నకి, బావమరిదికి, ఊళ్లోని స్నేహితులకి. అందరూ ఒకటే మాట అన్నారు. భయపడ్డానని చెప్పు, రెండూ ఒక్క ఊపులో పేలాయని చెప్పు, ఏమీ వినపడలేదని చెప్పు. నేను ఆ మాటలే మళ్లీ మళ్లీ గట్టిగా అనుకుంటూ గదిలో తిరిగేవాణ్ణి. మా ఇంటి గోడలు పలచన. ఇది నాకు అప్పుడు తట్టలేదు.

పాపతో మాత్రం దాని గురించి ఒక్క మాట మాట్లాడలేదు. అబద్ధం చెప్పమని నేను పిల్లకి నేర్పలేదు కదా అని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. అదొక్కటే నాకు మిగిలిన గొప్ప.

జనవరిలో పోలీసులు పాపని కూడా అడగాలన్నారు. సొంత తండ్రి కేసు కాబట్టి తను మాట్లాడనక్కర్లేదు, ఎవరూ బలవంతం చెయ్యరు అని లాయరమ్మ చెప్పింది. కానీ ముందు పిల్ల ఏం చూసిందో తనకి తెలియాలంది. మా ఆవిడ రానంది. నేనూ పాపా రైల్లో మ్యూనిక్ వెళ్లాం. దారంతా కిటికీలోంచి మంచు పొలాలు చూస్తూ కూర్చుంది.

నన్ను బయట కూర్చోమని లాయరమ్మ అంది. పాప నా చొక్కా పట్టుకుని వదల్లేదు. సరే ఉండండి, కానీ మాట్లాడొద్దు అంది. పాపకి ఎత్తు చాలక కుర్చీలో కాళ్లు వేలాడుతున్నాయి. లాయరమ్మ ముందు బడి గురించి అడిగింది, తర్వాత ఆ సాయంత్రం గురించి అడిగింది. ఎక్కడ ఉన్నావు, ఏం వినపడింది, ఎన్నిసార్లు. పాప అన్నీ సరిగ్గా చెప్పింది. పెన్సిల్ ఎక్కడ పడిందో కూడా చెప్పింది.

"ఆ రెండు శబ్దాల మధ్య నువ్వు నాన్నతో ఏమైనా అన్నావా?"

పాప నా వైపు చూడలేదు. గదిలో రేడియేటర్ చిన్నగా టకటకలాడుతోంది. నేను నోరు తెరిస్తే అయిపోయేది. పాప అంది, నేను విన్నాను. ఇంతే, రెండు ముక్కలు. ఆ రెండు ముక్కలకీ నాకు కావలసినంత సమయం ఉంది. నడవలో ఉన్నదానికన్నా చాలా ఎక్కువ.

"లేదు. నేనేమీ అనలేదు" అంది పాప.

లాయరమ్మ రాసుకుంది. పాప ఇక పోలీసుల ముందు మాట్లాడనక్కర్లేదని, నా వాంగ్మూలం కాగితం మీద ఇస్తే చాలని చెప్పింది. దాని మీదే మార్చిలో కేసు మూసేశారు. సొరుగుకి తాళం వేయనందుకు మాత్రం జరిమానా వేశారు. మా అప్లికేషన్ మళ్లీ కదిలింది. పైనున్న పెద్దాయన వృద్ధుల హోమ్‌కి మారాడు. ఆయన భార్య ఇల్లు ఖాళీ చేస్తూ మెట్ల మీద ఎదురైనప్పుడు నాకు నమస్కారం లాంటిదే చేసింది, నేను పక్కకి తప్పుకుని దారిచ్చాను.

జనవరిలో ఆ రోజు మ్యూనిక్ నుంచి తిరిగి వస్తున్నప్పుడు రైలు ఖాళీగానే ఉంది. పాపకి ఒక ప్రెట్జెల్ కొనిచ్చాను. సగం తిని, కాగితంలో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. చాలాసేపటికి, ఇంకా కిటికీలోకే చూస్తూ, జర్మన్‌లో నెమ్మదిగా అడిగింది.

"పపా, నేను సరిగ్గానే చెప్పానా?"

ఎదురు సీట్లో ఎవరూ లేరు. మాకు ఇంకా నాలుగు స్టేషన్లు ఉన్నాయి.

"సరిగ్గానే చెప్పినవ్ బిడ్డా" అన్నాను.